షయర్‌ని కొలిచే ముందు కోచ్ కే ఎలా దిగిపోయాడో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్ళకూ తెలుస్తుంది. మీ అబ్బాయి ఈ ఆగస్టులో డ్యూక్ యూనివర్సిటీలో చేరుతున్నాడు. 2025 ఏప్రిల్‌లో జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నీ సెమీఫైనల్లో హ్యూస్టన్ చేతిలో డ్యూక్ ఓడిపోయిన మ్యాచ్ చూశాక, అక్కడే చదువుకున్న మీ ఆఫీసు మిత్రుడు "కోచ్ కే ఉండుంటే ఈ మ్యాచ్ పోయేదే కాదు, జాన్ షయర్‌కి జట్టును అప్పగించడమే పొరపాటు" అన్నాడు. (కోచ్ కే అంటే 2022 దాకా డ్యూక్‌ని నడిపిన దిగ్గజం, షయర్ ఆయన వారసుడు.) ఆ మాటలో నిజమెంత, అసలు అంతటి కోచ్ తర్వాత వచ్చినవాడు ఎవరైనా నిలబడగలడా అన్నది మీ సందేహం.

పొరపాటు కాదండీ. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో దిగ్గజాలు దిగిపోయిన సందర్భాలు పక్కపక్కన పెట్టి చూస్తే, డ్యూక్‌లో జరిగినంత శ్రద్ధగా జరిగిన అప్పగింత నాకు మరొకటి కనబడదు. వారసుడి తలరాతలో సగం అతను కుర్చీలో కూర్చోకముందే రాసి ఉంటుంది. ముందున్నాయన ఎప్పుడు లేచాడు, లేచాక ఎక్కడికి వెళ్ళాడు, వెళ్తూ ఎవరిని ఉంచి వెళ్ళాడు అన్నదాన్ని బట్టి.

నేను కోస్తాలో కాలేజీ జట్లకు కోచ్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు డ్యూక్ ఉన్న డర్హంకి దగ్గర్లో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉంటున్నాను. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా పిల్లలు డ్యూక్ ముదురు నీలం, పక్క ఊళ్ళోని నార్త్ కరోలినా యూనివర్సిటీ లేత నీలం అని రెండు వర్గాలు. జాతీయ టోర్నీ జరిగే మార్చి నెల వస్తే అన్నదమ్ములే మాట్లాడుకోరు. అందుకని ఈ విషయం గురించి ఇక్కడ ఎవరిని కదిపినా వేడిగానే ఉంటుంది. నేను చూసినదీ చదివినదీ కలిపి వివరంగా రాస్తాను.

ముందు కోచ్ కే సంగతి. మైక్ షషెఫ్‌స్కీ అన్న పేరు పలకడం అమెరికన్లకే కష్టం కాబట్టి అందరికీ కోచ్ కే అయిపోయాడు. షికాగోలో పోలిష్ కుటుంబం. తండ్రి లిఫ్ట్ ఆపరేటరు, తల్లి ఒక క్లబ్బులో రాత్రిపూట గదులు శుభ్రం చేసేది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో బాబ్ నైట్ దగ్గర ఆడాడు, సైన్యంలో పనిచేశాడు, తర్వాత అదే అకాడమీకి కోచ్ అయ్యాడు. 1980లో డ్యూక్ ఆయన్ని తీసుకున్నప్పుడు వయసు 33. చేతిలో పెద్ద పేరేమీ లేదు.

మీ మిత్రుడికి ఈ అంకె ఒక్కటి చూపించండి. డ్యూక్‌లో కోచ్ కే మొదటి మూడు సీజన్లు కలిపి 38 గెలుపులు, 47 ఓటములు. మూడో సీజను చివర, 1983లో, అట్లాంటాలో జరిగిన కాన్ఫరెన్స్ (డ్యూక్ ఆడే ప్రాంతీయ లీగ్) టోర్నీలో వర్జీనియా మీద 109–66తో చిత్తుగా ఓడారు. ఆయన్ని తీసేయాలని పాత విద్యార్థులు, విరాళాలిచ్చేవాళ్ళు గొడవ చేశారు. అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ వాళ్ళ మాట వినకుండా 1984 జనవరిలో కాంట్రాక్టు పొడిగించాడు. ఆ ఒక్క సంతకం మీదే మిగతా చరిత్రంతా నడిచింది. 1982లో చేరిన జానీ డాకిన్స్, మార్క్ అలారీ, జే బైలస్, డేవిడ్ హెండర్సన్ నాలుగో ఏడాదికి వచ్చేసరికి, 1986లో, డ్యూక్ 37 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌దాకా వెళ్ళి లూయీవిల్ చేతిలో 72–69తో ఓడింది. ఆ తర్వాత 1991, 1992, 2001, 2010, 2015లో జాతీయ టైటిళ్ళు. 13 ఫైనల్ ఫోర్‌లు, అంటే జాతీయ టోర్నీలో ఆఖరి నాలుగు జట్ల దశ. అమెరికా జట్టుతో 2008, 2012, 2016 ఒలింపిక్ స్వర్ణాలు. ఆర్మీ రోజులతో కలిపి మొత్తం 1,202 గెలుపులు. డ్యూక్‌లో 42 సీజన్లు.

ఇక షయర్ మొదటి మూడు సీజన్లు: 27–9, 27–9, 35–4. కలిపితే 89 గెలుపులు, 22 ఓటములు. ఇద్దరికీ దొరికిన జట్లు ఒకటి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. కోచ్ కే సర్దుకుని నిలబెట్టుకోవాల్సిన జట్టును తీసుకున్నాడు, షయర్ శిఖరం మీదున్న జట్టును తీసుకున్నాడు. అయినా కోచ్ కేకి దొరికిన ఓపికలో పదోవంతు కూడా షయర్‌కి ఎవరూ ఇవ్వడం లేదు. అది న్యాయం కాదు.

చాలామంది మర్చిపోయిన సీజను ఒకటుంది, 1994–95. నడుం ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి తీసుకోకుండా తిరిగొచ్చిన కోచ్ కే, సీజను మధ్యలో పూర్తిగా తప్పుకోవాల్సొచ్చింది. ఆయన ఉన్నంతవరకు జట్టు 9–3. అసిస్టెంట్ పీట్ గాడెట్ చేతికి వచ్చాక 4–15. అంతకు ముందు ఏడాదే జాతీయ ఫైనల్ ఆడిన కాలేజీ అది! దీన్ని గాడెట్ లోపంగా చూడటం నాకిష్టం లేదు. పన్నెండు మ్యాచ్‌లయ్యాక, ముందస్తు మాట లేకుండా, పెద్దాయన తిరిగొస్తాడో రాడో తెలియకుండా చేతికిచ్చిన జట్టు అది. పిల్లలు ఎవరి మాట వినాలో వాళ్ళకే తెలియని స్థితి. ఆ ఏడాది డ్యూక్‌కి బోధపడిందేమిటంటే, ఇక్కడ అంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతోందని. ఆ తర్వాత కోచ్ కే తన బెంచీని, అంటే అసిస్టెంట్ కోచ్‌ల స్థానాలను, ఎక్కువగా తన దగ్గర ఆడినవాళ్ళతోనే నింపుకుంటూ వచ్చాడు. క్విన్ స్నైడర్, డాకిన్స్, క్రిస్ కాలిన్స్, స్టీవ్ వొజ్‌హౌస్కీ, జెఫ్ కేపెల్, చివరికి షయర్. వీళ్ళందరూ వేరేచోట్ల హెడ్ కోచ్‌లయ్యారు. షయర్ ఒక్కడే ఉన్నచోటే అయ్యాడు.

ఇప్పుడు మిగతావాళ్ళ సంగతి చూద్దాం. ఈ కథల్లో అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది జీన్ బార్టో కథ.

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో జాన్ వుడెన్ 1964 నుంచి 1975 వరకు, పన్నెండేళ్ళలో పది జాతీయ టైటిళ్ళు గెలిచాడు. పురుషుల ఆటలో ఆ రికార్డు దరిదాపుల్లోకి ఇంకెవరూ రాలేదు, వస్తారన్న నమ్మకమూ నాకు లేదు. 1975 సెమీఫైనల్లో తన పాత శిష్యుడు డెనీ క్రమ్ నడుపుతున్న లూయీవిల్‌ని ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటు తేడాతో ఓడించి, డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళి, సోమవారం ఆడబోయేదే తన ఆఖరి మ్యాచ్ అని పిల్లలకు చెప్పాడు. కెంటకీ మీద 92–85తో గెలిచి వెళ్ళిపోయాడు. దిగిపోవడం అంటే అదీ అని ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు. వుడెన్ కోణంలో చూస్తే నిజంగా గొప్ప ముగింపే. తర్వాత వచ్చేవాడి కోణంలో చూడండి. చెప్పి, సిద్ధం చేసి, పక్కన నిలబెట్టుకున్న వారసుడు ఎవరూ లేరు. ఇల్లినాయ్ నుంచి బార్టోని తెచ్చారు. చేతగానివాడు కాదు, రెండేళ్ళ ముందే 1973లో మెంఫిస్ స్టేట్‌ని ఫైనల్‌కి తీసుకొచ్చి, ఇదే యూసీఎల్ఏ చేతిలో, బిల్ వాల్టన్ 44 పాయింట్లు కొట్టిన మ్యాచ్‌లో ఓడినవాడు.

యూసీఎల్ఏలో బార్టో రెండేళ్ళ లెక్క: 52 గెలుపులు, 9 ఓటములు. మొదటి ఏడాదే ఫైనల్ ఫోర్, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చిన ఇండియానా చేతిలో ఓటమి. ఇంకెక్కడైనా అయితే ఊరేగించేవాళ్ళు. లాస్ ఏంజెలెస్‌లో ఆ తొమ్మిది ఓటముల గురించే మాట్లాడారు. రెండేళ్ళకే ఆయన అలబామాలోని బర్మింగ్‌హామ్‌కి, ఇంకా జట్టే లేని కాలేజీకి వెళ్ళిపోయాడు. అక్కడ సున్నా నుంచి ఒక జట్టును కట్టి, 1996 దాకా నడిపి, కొడుక్కి అప్పగించాడు. యూసీఎల్ఏలో ఆయన తర్వాత గ్యారీ కన్నింగ్‌హామ్ వచ్చి 50–8 చేసి రెండేళ్ళకు వెళ్ళాడు. లారీ బ్రౌన్ 1980లో ఫైనల్‌దాకా తీసుకెళ్ళి మరుసటేడు వెళ్ళాడు. మళ్ళీ టైటిల్ 1995లో, జిమ్ హారిక్ చేతుల మీద. మధ్యలో ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో వచ్చినవాళ్ళెవరూ మొద్దులు కారు. ప్రతి ఒక్కణ్ణీ పది టైటిళ్ళ పక్కన నిలబెట్టి కొలిచారు, అంతే.

ఇంకో మాట. అదే వుడెన్ యూసీఎల్ఏకి 1948లో వచ్చాడు. మొదటి టైటిల్ 1964లో. అన్నేళ్ళు ఆగిన కాలేజీ, ఆయన వెళ్ళాక వచ్చినవాడి విషయంలో రెండేళ్ళు ఆగలేకపోయింది.

నార్త్ కరోలినాది వేరే దారి. డీన్ స్మిత్ 36 ఏళ్ళలో 879 గెలుపులు, రెండు టైటిళ్ళు సాధించిన మనిషి. (1965లో విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను క్యాంపస్‌లోనే వేలాడదీశారు, అది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయమే.) 1997 అక్టోబరు 9న, ప్రాక్టీసులు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, రిటైరవుతున్నానన్నాడు. అంత ఆలస్యంగా చెబితే యూనివర్సిటీకి బయట వెతికే వ్యవధి ఉండదు. ముప్పై ఏళ్ళుగా పక్కనే కూర్చున్న అసిస్టెంట్ బిల్ గత్‌రిడ్జ్‌కి కుర్చీ దక్కింది. ఫలితం బాగానే వచ్చింది. మూడేళ్ళలో రెండు ఫైనల్ ఫోర్‌లు, 80 గెలుపులు. అయితే గత్‌రిడ్జ్‌కి అప్పటికే అరవై ఏళ్ళు. 2000లో ఆయనా రిటైరయ్యాడు. అప్పుడు పడింది అసలు దెబ్బ. స్మిత్ శిష్యుడు రాయ్ విలియమ్స్ కాన్సస్ వదిలి రానన్నాడు. ఇంకో పాత ఆటగాడు మ్యాట్ డోహెర్టీని తెచ్చారు. 2001–02లో 8–20. 2003లో అతను తప్పుకున్నాడు, విలియమ్స్ ఈసారి వచ్చాడు, 2005, 2009, 2017లో టైటిళ్ళు గెలిచాడు.

అంటే స్మిత్ తన స్నేహితుడికి న్యాయం చేశాడు, కాలేజీకి మాత్రం మూడేళ్ళ గడువే కొన్నాడు. విశ్వాసపాత్రుడైన పెద్ద అసిస్టెంట్‌కి కుర్చీ ఇవ్వడం మనసుకి హాయిగా ఉంటుంది. మన కాలేజీల్లో కూడా సీనియారిటీ చూసి అలాగే ఇస్తారు. కానీ రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషికి ఇస్తే, అసలు సమస్యను మూడేళ్ళు ముందుకు జరిపినట్టే.

ఈ రెండు కథలూ కోచ్ కేకి మనకన్నా బాగా తెలుసు. రెండోదైతే ఆయన పక్క ఊళ్ళోనే జరిగింది. ఆయన చేసినది ఈ దృష్టితో చూడండి.

2021 జూన్ 2న ప్రకటన వచ్చింది. రాబోయే సీజను ఆఖరిది, తర్వాత షయర్. రెండూ ఒకేసారి చెప్పారు. షయర్‌కి అప్పుడు 33, ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు. మీ మిత్రుడి అభ్యంతరం కూడా ఇదే అయ్యుంటుంది. కానీ అతని దారి చూడండి. షికాగో శివారు నార్త్‌బ్రూక్ కుర్రాడు. స్కూల్లో ఉండగా ఒక మ్యాచ్‌లో 75 సెకన్లలో 21 పాయింట్లు కొట్టి దేశమంతా పేరు మోగించాడు. 2010లో టైటిల్ గెలిచిన డ్యూక్ జట్టుకి కెప్టెన్. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ వాళ్ళ సమ్మర్ లీగ్‌లో కంటికి దెబ్బ తగిలి ఆ దారి మూసుకుపోయింది. ఇజ్రాయెల్‌లో, స్పెయిన్‌లో ఆడి, 2013లో డ్యూక్ బెంచీకి తిరిగొచ్చాడు. 2018లో అసోసియేట్ హెడ్ కోచ్. 2021 జనవరిలో కోవిడ్ కారణంగా కోచ్ కే క్వారంటైన్‌లో ఉంటే, బోస్టన్ కాలేజీతో మ్యాచ్ నడిపి 83–82తో గెలిపించాడు. అంటే ఎనిమిదేళ్ళు ఆ కుర్చీ పక్కనే కూర్చుని ప్రతి నిర్ణయం ఎలా పుడుతుందో చూశాడు.

ఒక ఏడాది ముందే పేరు చెప్పడంలో అసలు కిటుకు రిక్రూటింగ్‌లో, అంటే స్కూలు పిల్లలను జట్టుకి ఒప్పించి తెచ్చుకోవడంలో, ఉంది. కాలేజీ ఆటలో జట్టును రెండేళ్ళ ముందునుంచీ కట్టుకుంటూ రావాలి. పదిహేడేళ్ళ కుర్రాడు, వాళ్ళమ్మానాన్న కోచ్ మొహం చూసి సంతకం పెడతారు. ఎవరొస్తారో తెలియకపోతే పెట్టరు. కోచ్ కే ఆఖరి సీజను ఆడిస్తుండగానే షయర్ ఊళ్ళు తిరిగి కైల్ ఫిలిపౌస్కీ, డెరిక్ లైవ్లీ లాంటి పిల్లలను తన పేరు మీద ఒప్పించాడు. ఆ ఏడాది దేశంలో మొదటి ర్యాంకు రిక్రూటింగ్ క్లాస్ అదే. ఇంకో సంగతి, సరిగ్గా 2021లోనే ఆట రూల్సు తలకిందులయ్యాయి. ఒకసారి కాలేజీ మారితే ఏడాదిపాటు కూర్చోనక్కర లేదన్నారు. జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. అంతకు ముందు కాలంలో కోచ్ వెళ్ళిపోయినా పిల్లలు ఉండిపోయేవాళ్ళు. ఇప్పుడు కోచ్ కదిలితే జట్టంతా కదిలిపోతుంది. అలాంటి కాలంలో నారు పోసే చేయి, కోత కోసే చేయి మధ్య ఖాళీ రాకుండా చూసుకున్నారు.

దీనికి కోచ్ కే స్వయంగా మూల్యం చెల్లించాడన్నది నా అభిప్రాయం. ముందే చెప్పడం వల్ల ఆ సీజనంతా వీడ్కోలు యాత్ర అయిపోయింది. ప్రతి ఊళ్ళో సన్మానం, ప్రతి మ్యాచ్ 'ఆఖరిసారి'. ఆ బరువంతా పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లల మీద పడింది. 2022 మార్చి 5న డ్యూక్ సొంత కామెరాన్ స్టేడియంలో ఆఖరి మ్యాచ్. తొమ్మిది వేల మూడొందల మందే పట్టే పాత హాలు అది. ఆయన దగ్గర ఆడిన 96 మంది వచ్చి వరుసగా నిలబడ్డారు. ఎదుట నార్త్ కరోలినా. 94–81తో డ్యూక్ ఓడిపోయింది. ఉత్సవానికని తయారై వచ్చిన జనం ముందు ఆయన మైకు తీసుకుని, ఇవాళ ఆడిన ఆట ఒప్పుకోదగ్గది కాదు, సీజను ఇంకా అయిపోలేదు అన్నాడు. నాలుగు వారాలకు న్యూ ఆర్లీన్స్‌లో ఫైనల్ ఫోర్. మళ్ళీ నార్త్ కరోలినానే. ఎన్‌సీఏఏ టోర్నీ (జాతీయ టోర్నీ పేరే అది) చరిత్రలో ఈ రెండు కాలేజీలు ఎదురుపడటం అదే మొదటిసారి. 81–77తో మళ్ళీ ఓటమి. ఆ పక్క బెంచీ మీద హ్యూబర్ట్ డేవిస్, రాయ్ విలియమ్స్ రిటైరయ్యాక వచ్చిన వారసుడు, అతనికది మొదటి ఏడాది. ఆ సాయంత్రం వుడెన్‌లా గెలిచి వెళ్ళే అవకాశం కోచ్ కేకి లేకుండా పోయింది.

ఆ డేవిస్ సంగతే చూడండి. మొదటి ఏడాది ఫైనల్ ఆడాడు. రెండో ఏడాది సీజను మొదట్లో దేశంలో మొదటి ర్యాంకు ఇచ్చారు, చివరికి 68 జట్ల టోర్నీలోకి పిలుపే రాలేదు. వారసుడి మీద మొదటి ఏడాదే తీర్పు రాసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మీ మిత్రుడికి చెప్పాల్సిన ఇంకో ఉదాహరణ విల్లనోవా యూనివర్సిటీ. జే రైట్ 2016, 2018లో టైటిళ్ళు గెలిచి, 2022లో, కోచ్ కే వెళ్ళిన అదే ఏప్రిల్‌లో, ఎవరూ ఊహించకుండా దిగిపోయాడు. పాత అసిస్టెంట్ కైల్ నెప్ట్యూన్‌కి ఇచ్చారు. షయర్‌కి లేని హెడ్ కోచ్ అనుభవం అతనికి ఒక ఏడాది ఉంది కూడా. మూడు సీజన్లలో ఒక్కసారి కూడా ఎన్‌సీఏఏ టోర్నీకి వెళ్ళలేకపోయాడు, 2025 మార్చిలో తీసేశారు. అదే ఏడాది, అదే తరహా ఎంపిక. తేడా ఎక్కడొచ్చిందంటే, షయర్‌కి ఒక ఏడాది పొడవునా తన జట్టు తను కట్టుకునే వ్యవధి దొరికింది. నెప్ట్యూన్‌కి ఏప్రిల్ చివర్లో తాళాలు చేతికొచ్చాయి. కారణం అదొక్కటే అనను. కానీ నేను మొదట చూసేది అదే.

ఇక లేచి వెళ్ళాక ఎక్కడ కూర్చోవాలన్నది. ఇది బయటివాళ్ళకు చిన్న విషయంగా కనిపిస్తుంది, కోర్టు మీద పనిచేసినవాళ్ళకు తెలుసు. నేను ఒక కాలేజీలో పేరున్న పెద్దాయన తర్వాత చేరాను. మంచి మనిషి, ప్రేమకొద్దీ రోజూ సాయంత్రం గ్రౌండుకి వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. ఒక్క మాట అనేవారు కాదు. నేను కొత్త డ్రిల్ చెబుతుంటే పిల్లల కళ్ళు ఆయన మొహం వైపు వెళ్ళేవి, సార్ ఒప్పుకున్నారా లేదా అని. ఆ చూపు ఆగేదాకా జట్టు నాది కాలేదు. కోచ్ కే యూనివర్సిటీలోనే గౌరవ హోదాలో ఉన్నాడు, షయర్ ఫోన్ చేస్తే మాట్లాడతాడు. జట్టు నడపడంలో మాత్రం వేలు పెట్టడు. కోర్టుకి తన పేరే ఉన్న స్టేడియం నుంచి అలా పక్కకు జరిగి ఉండటం ఎంత నిగ్రహమో నాకు అర్థమవుతుంది.

ఆ ఖాళీలో షయర్ ఏం చేశాడు? గురువుని అనుకరించలేదు. వచ్చీ రాగానే జట్టుకి జనరల్ మేనేజర్ అనే పదవి పెట్టి, నైకీలో, ఎన్‌బీఏలో పనిచేసిన రేచల్ బేకర్‌ని తెచ్చాడు. ఆటగాళ్ళ ఒప్పందాలు, డబ్బు వ్యవహారాలు చూసుకోవడానికి. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అప్పటికి అది కొత్త ఆలోచన, ఇవాళ పెద్ద జట్లన్నిటికీ అలాంటి పదవి ఉంది. అసిస్టెంట్‌గా జై లూకాస్‌ని కెంటకీ నుంచి తీసుకున్నాడు. డ్యూక్‌లో ఆడనివాణ్ణి, పైగా ప్రత్యర్థి శిబిరం నుంచి. పాతికేళ్ళ ఇంటి సంప్రదాయం పక్కన పెట్టాడన్నమాట. మొదటి ఏడాది సొంత కోర్టులో ఒక్కటీ ఓడలేదు, కాన్ఫరెన్స్ టోర్నీ గెలిచాడు, జాతీయ టోర్నీ రెండో రౌండులో టెనెసీ కండబలం ముందు 65–52తో తేలిపోయాడు. రెండో ఏడాది క్వార్టర్స్ దాకా వెళ్ళి, అనామకంగా వచ్చిన ఎన్‌సీ స్టేట్ మీద 76–64తో ఓడాడు. పక్క ఊరి జట్టు చేతిలో ఆ ఓటమి ఇక్కడ చాలామందికి మింగుడు పడలేదు. ఆ వేసవిలో జట్టును దాదాపు కొత్తగా కట్టాడు. పాతవాళ్ళు చాలామంది వేరే కాలేజీలకు వెళ్ళారు, టులేన్ నుంచి సియాన్ జేమ్స్, సిరక్యూస్ నుంచి మాలిక్ బ్రౌన్, పర్డ్యూ నుంచి మేసన్ గిల్లిస్ లాంటి వయసొచ్చినవాళ్ళు వచ్చారు. వాళ్ళ పక్కన కూపర్ ఫ్లాగ్, కాన్ నిప్పెల్, ఖమాన్ మలువాచ్ అనే ముగ్గురు మొదటి ఏడాది పిల్లలు. ఎవరు ఎవరి మీదికి మారినా పొట్టివాడు దొరకని డిఫెన్స్. 35 గెలుపులు అలా వచ్చాయి.

ఇప్పుడు మీ మిత్రుడి గుండెల్లో ముల్లు, ఏప్రిల్ 5, శాన్ ఆంటోనియో. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగా డ్యూక్ 14 పాయింట్ల ముందంజ. ఆఖరి పది నిమిషాల్లో ఒకే ఒక ఫీల్డ్ గోల్ (ఫ్రీత్రో కాకుండా ఆటలో వేసే బుట్ట) పడింది. ముప్పై సెకన్ల చిల్లర ఉన్నప్పుడు 67–61. అక్కణ్ణుంచి హ్యూస్టన్ త్రీ పాయింటర్, డ్యూక్ ఇన్‌బౌండ్ పాస్ (గీత బయటినుంచి బంతి లోపలికి వేయడం) పోగొట్టుకోవడం, డంక్, టైరీస్ ప్రాక్టర్ ఫ్రీత్రో తప్పడం, రీబౌండ్ కోసం వెనకనుంచి ఎగబడ్డాడని ఫ్లాగ్ మీద ఫౌల్, రెండు ఫ్రీత్రోలు, చివర్లో ఫ్లాగ్ షాట్ రింగుకి పొట్టిగా పడటం. 70–67.

కోచింగ్ లోపం లేదా? ఉంది. ముందంజలో ఉన్నప్పుడు ఆటను నెమ్మదించి, ప్రతిసారీ బంతి ఫ్లాగ్ చేతికే ఇచ్చి మిగతావాళ్ళు నిలబడిపోయారు. హ్యూస్టన్ మీదికొచ్చి ప్రెస్ చేస్తుందని తెలిసీ ఇన్‌బౌండ్‌కి సరైన ఏర్పాటు కనబడలేదు. అవతలి బెంచీ మీద కెల్విన్ శాంప్సన్, దాదాపు డెబ్భై ఏళ్ళ మనిషి, ఇలాంటి రాత్రులు ఎన్నో చూసినవాడు. ఆ తేడా ఆ రాత్రి కనిపించింది. కానీ 'కోచ్ కే ఉండుంటే' అనేముందు కోచ్ కే చరిత్ర కూడా చూడాలి కదా. మొదటి టైటిల్‌కి ముందు ఆయన నాలుగుసార్లు ఫైనల్ ఫోర్‌కి వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చాడు. 1990 ఫైనల్లో లాస్ వేగాస్ కాలేజీ యూఎన్ఎల్‌వీ చేతిలో 103–73, ఫైనల్స్ చరిత్రలో అంత తేడాతో ఎవరూ ఓడలేదు. ఆ మరుసటేడు, అదే యూఎన్ఎల్‌వీ ఒక్క ఓటమీ లేకుండా సెమీస్‌కి వస్తే, 79–77తో ఓడించి, రెండు రోజుల తర్వాత మొదటి టైటిల్ ఎత్తాడు. అది ఆయన పదకొండో సీజను. శాన్ ఆంటోనియోలో ఓడేనాటికి షయర్‌ది ఇంకా మూడోది.

నన్నడిగితే వారసుణ్ణి టైటిళ్ళతో కొలవడం నాలుగైదేళ్ళ తర్వాత మొదలుపెట్టాలి. అంతవరకు నేను చూసేవి వేరు. దేశంలో మంచి పిల్లలు ఇంకా ఆ తలుపే తడుతున్నారా, ఓడిన ఏడాది తర్వాత కోచ్ ఏదైనా మార్చాడా, అతని అసిస్టెంట్లను వేరేవాళ్ళు హెడ్ కోచ్‌లుగా ఎగరేసుకుపోతున్నారా. మూడింటికీ డ్యూక్‌లో జవాబు అవుననే. జై లూకాస్‌ని 2025లో సీజను ముగియకముందే మయామీ యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా పట్టుకుపోయింది.

ఇకముందు మ్యాచ్‌లు మీరు చూడబోతున్నారు కాబట్టి ఒక్క విషయం చెబుతాను. హ్యూస్టన్‌తో ఆడిన అయిదుగురు స్టార్టర్లూ 2025 జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) వెళ్ళిపోయారు. ఫ్లాగ్ మొదటి పిక్, నిప్పెల్ నాలుగు, మలువాచ్ పది, ఆ తర్వాత జేమ్స్, ప్రాక్టర్. అంటే 2025–26కి షయర్ మళ్ళీ మొదటినుంచి కట్టాల్సొచ్చింది. అప్పుడు వచ్చినవాళ్ళలో కామెరాన్ బూజర్, కేడెన్ బూజర్ అనే కవలలున్నారు. వాళ్ళ నాన్న కార్లోస్ బూజర్ 2001లో కోచ్ కే దగ్గర టైటిల్ గెలిచిన ఆటగాడు. ఎక్కడికైనా వెళ్ళగలిగే పిల్లలు, షయర్‌ని చూసి ఒప్పుకున్నారు. వాళ్ళతోపాటు పాతవాళ్ళు కేలబ్ ఫాస్టర్, ఐజాయా ఎవన్స్, మాలిక్ బ్రౌన్ ఉండిపోయారు. చివరి అయిదు నిమిషాల్లో ముందంజలో ఉన్నప్పుడు బంతి ఒక్క చేతిలోనే ఆగిపోతోందా, నలుగురి చేతులూ మారుతోందా అన్నది గమనించండి. శాన్ ఆంటోనియో నుంచి షయర్ ఏం పట్టుకొచ్చాడో అందులో తెలిసిపోతుంది. మీ అబ్బాయిని నార్త్ కరోలినా మ్యాచ్‌లో సీటు కోసం స్టేడియం బయట టెంట్ వేసుకునే పిల్లల గుంపులో సెమిస్టరు మొదట్లోనే చేరమనండి. చలికాలం వచ్చాక అడిగితే చోటుండదు.